మట్టి ట్రాక్ క్లబ్బుకి డ్రైవర్లను ఎలా పెంచుకోవాలి

మట్టి మీద జరిగే ఆటోక్రాస్, డర్ట్ ట్రాక్ కార్ల, బైకుల రేసులు నడిపే క్లబ్బుల వాళ్ళు కలిసినప్పుడల్లా ఒకే మాట అడుగుతున్నారు. "చూడ్డానికి జనం బాగానే వస్తున్నారండీ. నడపడానికే ఎవరూ రావట్లేదు. ఎప్పుడు చూసినా ఆ పదిహేను మందే. ఏం చెయ్యమంటారు?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు మీ పాత ఎంట్రీ ఫారాలు ఒకసారి తిరగేయండి. చాలా క్లబ్బుల్లో కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు. ఒక్కసారి నడిపి వెళ్తారు, మళ్ళీ కనిపించరు. పోస్టర్లకీ రీల్స్‌కీ పెట్టే డబ్బు మనిషిని మొదటిసారి రప్పిస్తుంది, అంతే. రెండోసారి వస్తాడా రాడా అన్నది ఆ రోజు ట్రాక్ దగ్గర అతనికి ఎలా గడిచిందన్న దాన్నిబట్టే ఉంటుంది. కింద చెప్పేదంతా ఆ రెండోసారి కోసమే.

ఇది కార్ల ఆటోక్రాస్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. మన దేశంలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా ఒక్కో కారూ విడిగా పరిగెత్తి టైమ్ కొట్టడమే. బైకుల వాళ్ళకి తేడా ఉన్నచోట చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- గత రెండు మూడు సీజన్ల ఎంట్రీ ఫారాలు, ఫోన్ నంబర్లతో సహా
- ఒక రూళ్ళ నోటుబుక్కు, ఫోన్లు చెయ్యడానికి ఓపికున్న ఒక మనిషి
- తెలుగులో, రెండు పేజీలు దాటని రూల్స్ కాగితం
- క్లబ్బు సొంత కారు ఒకటి (పాత మారుతి 800, జెన్, ఆల్టో ఏదైనా సరే), మంచి హెల్మెట్లు రెండు మూడు సైజుల్లో
- నీళ్ళ ట్యాంకర్, అంబులెన్స్, డాక్టర్, మంటలార్పే సిలిండర్లు, శిక్షణ ఉన్న మార్షల్స్ (ట్రాక్ పక్కన జెండాలతో నిలబడి భద్రత చూసేవాళ్ళు)
- జాతీయ సమాఖ్య (ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా) అయిన ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ పర్మిట్

పర్మిట్ సంగతి తేలికగా తీసుకోకండి. కార్లకి ఎఫ్‌ఐఏ, బైకులకి ఎఫ్‌ఐఎం అనే ప్రపంచ సంస్థలు ఉన్నాయి. వాటి తరఫున ఇక్కడ పోటీలకి అనుమతి ఇచ్చేది ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ. అనుమతి లేని పోటీలో ఒక్క ప్రమాదం జరిగితే మీ క్లబ్బుతో పాటు చుట్టుపక్కల క్లబ్బులన్నిటికీ ట్రాక్ కోసం పొలాలు ఇచ్చే రైతులు ఉండరు.

1. ఎవరు వచ్చారో, ఎవరు ఆగిపోయారో లెక్క తీయండి

నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి. పేరు, మొదటిసారి నడిపిన తేదీ, ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చాడు. మూడో గడిలో సున్నా ఉన్నవాళ్ళందరికీ ఫోన్ చెయ్యండి.

"ఎందుకు రావట్లేదు?" అని అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా "పని ఒత్తిడి అన్నా" అనేసి పెట్టేస్తారు. "ఆ రోజు పొద్దున వచ్చినప్పటి నుంచి ఇంటికెళ్ళేదాకా ఎలా గడిచింది, చెప్పు తమ్ముడూ" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. ఏడింటికి రమ్మన్నారు, మొదటి పరుగు పన్నెండింటికి ఇచ్చారు. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు. సస్పెన్షన్ పోయింది, బాగు చేయించడానికి డబ్బుల్లేవు. భార్యనీ పిల్లనీ తీసుకొస్తే కూర్చోడానికి నీడ లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మధ్యలో సర్ది చెప్పడం, క్లబ్బుని వెనకేసుకురావడం చెయ్యొద్దు.

ఫోన్ చేసేది సెక్రటరీ కాకుండా ఉంటే మంచిది. పోయిన ఏడాది కొత్తగా చేరి నిలబడ్డ కుర్రాడు చేస్తే అవతలివాళ్ళు నిజం చెబుతారు.

2. మొత్తం ఖర్చు ఒక కాగితం మీద పెట్టండి

కొత్తవాణ్ణి ఎక్కువగా భయపెట్టేది ఖర్చు ఎంతవుతుందో తెలియకపోవడం. ఖర్చు ఎక్కువైనా కొందరు సర్దుకుంటారు. తెలియని ఖర్చుకి మాత్రం ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి ఎంట్రీ ఫీజు, లైసెన్స్ ఫీజు, మెడికల్ సర్టిఫికెట్, పెట్రోలు, టైర్లు, కారుని ట్రాలీ మీద తెచ్చే కిరాయి, మెకానిక్ కూలి, భోజనాలు అన్నీ మీ ఊరి రేట్లతో రాసి అందరికీ పంపండి. గేటు దగ్గర కొత్తగా ఏ ఫీజూ పుట్టకూడదు.

అదే కాగితంలో ఇంకో రెండు మాటలు ఉండి తీరాలి. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ పాలసీ రేసులకీ స్పీడ్ టెస్టులకీ వర్తించదు. ట్రాక్ మీద కారుకి ఏమైనా జరిగితే ఆ ఖర్చు అతనిదే. ఇది ముందే చెబితే కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. తర్వాత తెలుసుకున్నవాడు తను ఆగిపోవడమే కాక పదిమందిని ఆపుతాడు. రెండోది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చేసిన బండిని రోడ్డు మీద నడపడం చట్టవిరుద్ధం. రేసు కోసం మార్చిన కారు ట్రాలీ మీదే రావాలి.

3. కొత్తవాళ్ళకి విడిగా ఒక క్లాసు (పోటీ విభాగం) పెట్టి, దాని రూల్స్ కదపకండి

క్లబ్బు నిలబడేది ఈ మెట్టు మీదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కంపెనీ ఇంజిన్, కంపెనీ గేర్‌బాక్స్, రోడ్డు టైర్లు, ఒక సీసీ పరిమితి. మార్చుకోనిచ్చేవి బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, ఇంజిన్ కింద గార్డు ప్లేటు మాత్రమే. సీట్ బెల్టులు, రోల్ కేజ్ (బోల్తా పడినా కారు నలగకుండా లోపల బిగించే కడ్డీల చట్రం) లాంటి భద్రత విషయాల్లో సమాఖ్య ఏం చెబితే అది, మీ సొంత తెలివి వద్దు. స్పేర్ పార్టులు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సెకండ్ హ్యాండులో దొరికే మోడళ్ళకే ఈ క్లాసు పరిమితం చెయ్యండి. ఆదివారం విరిగిన పార్టు మంగళవారానికి దొరక్కపోతే ఆ కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది.

రూల్స్ రాశాక మూడేళ్ళు ముట్టుకోవద్దు. ప్రతి సీజన్‌కీ ఒక చిన్న మార్పు చేస్తూ పోతే డబ్బున్నవాడు మార్పులు కొనుక్కుంటాడు, లేనివాడు పాత కారు అమ్ముకుని వెళ్ళిపోతాడు.

అనుభవం ఉన్నవాడు ఈ క్లాసులో దూరి కప్పులు పట్టుకుపోకుండా ఒక తలుపు కావాలి. సీజన్లో రెండుసార్లు గెలిచినవాడు పై క్లాసుకి వెళ్ళాల్సిందే అని పెట్టండి. తమ్ముడి పేరు మీద ఎంట్రీ వేసి తనే నడిపేవాళ్ళు ఉంటారు. లైసెన్సు, ముఖం రెండూ స్టార్ట్ లైన్ దగ్గర చూడాలి.

ఇంజిన్ లోపల దొంగ పని చేయిస్తున్నారని అనుమానం వస్తే ఏం చెయ్యాలి? విప్పి చూడటానికి మీ దగ్గర నిపుణుడు ఉండకపోవచ్చు. దీనికి అమెరికాలో ఒక పాత ఉపాయం ఉంది. 1915లో పుట్టిన ఇంటర్నేషనల్ మోటార్ కాంటెస్ట్ అసోసియేషన్ 1979లో అయోవా రాష్ట్రంలో మోడిఫైడ్ అనే క్లాసు మొదలుపెట్టింది. రేసు అయ్యాక గెలిచినవాడి ఇంజిన్‌ని ముందే ప్రకటించిన ధరకి తోటి డ్రైవరు అడిగి తీసుకోవచ్చని అందులో రూలు పెట్టారు. ఆ ధరకి మించి ఖర్చు పెట్టి కట్టిన ఇంజిన్ ఒక్క సాయంత్రంలో చేజారిపోతుందని తెలిస్తే ఎవరూ లక్షలు పొయ్యరు. ఆ క్లాసు అక్కడ ఊరూరికీ పాకింది. మన దగ్గర ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది కాబట్టి ఇంజిన్ మార్పిడి చిక్కులు తెస్తుంది. దానికి బదులు కార్బొరేటర్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), షాక్ అబ్జార్బర్లు లాంటి విడి భాగాలకి ఈ రూలు పెట్టుకోవచ్చు. లేదంటే ఇంజిన్‌కి క్లబ్బు సీలు వెయ్యండి. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలోనే కట్టి, సీలు వేసి అమ్మే క్రేట్ ఇంజిన్లతో అమెరికా మట్టి ట్రాకులు చేస్తున్నది ఇదే. సీలు తెగితే ఆ రోజు టైమ్ చెల్లదు.

బైకుల వాళ్ళు ఇదే పద్ధతిలో ఒకటే మోడల్, కంపెనీ ఎగ్జాస్ట్‌తో నోవిస్ (కొత్తవాళ్ళ) క్లాసు పెట్టుకోవచ్చు. ఒకే మోడల్ అయితే గొడవలు సగం తగ్గుతాయి.

4. పోటీ లేని ఒక ఆదివారం పెట్టండి

మొదటిసారే వందల మంది ముందు, మైకులో పేరు చదువుతుంటే, పక్కన గట్టి డ్రైవర్లు చూస్తుంటే నడపమంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. అందుకే టైమింగ్, కప్పులు, కామెంటరీ ఏవీ లేకుండా ఒక ప్రాక్టీసు రోజు పెట్టండి. ముందు ట్రాక్ అంతా నడిపించండి, కాళ్ళతో. బ్రేక్ ఎక్కడ, మట్టి ఎక్కడ మెత్తగా ఉంది, మార్షల్ జెండాలకి అర్థం ఏమిటి, అన్నీ ట్రాక్ మీదే చెప్పండి. తర్వాత క్లబ్బు కారులో నెమ్మదిగా రెండు రౌండ్లు, ఆ పైన తన ఇష్టం.

ప్రాక్టీసు అయినా అంబులెన్స్ ఉండాల్సిందే. దీనికి ఏ అనుమతి కావాలో సమాఖ్యని రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. హెల్మెట్ల విషయంలో ఒక జాగ్రత్త. బైకు హెల్మెట్ కారుకి సరిపోదు. కారు రేసుల హెల్మెట్లకి నిప్పు తట్టుకునే పరీక్ష, రోల్ కేజ్ కడ్డీకి తగిలితే ఆగే పరీక్ష విడిగా ఉంటాయి. హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రలో ఎస్‌ఏ అని ఉంటే కార్లకి, ఎమ్ అని ఉంటే బైకులకి. అరువిచ్చే హెల్మెట్ లోపల వేసుకోవడానికి ఒక్కొక్కరికీ విడిగా బాలక్లావా (తలకి తొడుక్కునే గుడ్డ ముసుగు) ఇవ్వండి.

కారు లేనివాళ్ళకి ఒక మార్గం, ఒకే కారుకి ఇద్దరు డ్రైవర్లు. బ్రిటన్‌లో ఆటోగ్రాస్ (పొలాల్లో గడ్డి, మట్టి మీద జరిగే కార్ల రేసులు) క్లబ్బులు కుటుంబాలతో నడుస్తాయి. ఒకే కారుని మగవాళ్ళ రేసులో భర్త, ఆడవాళ్ళ రేసులో భార్య నడుపుతారు. ఇద్దరు స్నేహితులు కారు ఖర్చు పంచుకుంటే ఇద్దరికీ భారం సగమే, మీకు మాత్రం ఎంట్రీలు రెండు. కారు దిగడం, ఎక్కడం, బెల్టులు సరిచేయడానికి షెడ్యూల్లో సమయం ఇవ్వండి.

5. ఎక్కడ వెతకాలి

ఇంజనీరింగ్ కాలేజీలు మొదటి చోటు. బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీ కోసం మన రాష్ట్రాల కాలేజీల పిల్లలు సొంతంగా బగ్గీ (మట్టి దారుల్లో నడిచే చిన్న బండి) కట్టి మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ దాకా తీసుకెళ్తున్నారు. వాళ్ళకి వెల్డింగ్ తెలుసు, సస్పెన్షన్ లెక్కలు తెలుసు, మట్టిలో నడపడం తెలుసు. చదువు అయిపోగానే ఆ ఆట ఆగిపోతుంది, ఎందుకంటే తర్వాత ఎక్కడ నడపాలో చెప్పేవాళ్ళు లేరు. ఫైనలియర్ జట్లని మీ ట్రాక్‌కి పిలవండి.

మెకానిక్ షెడ్లు రెండోది. షెడ్డు ఓనరు నడపకపోయినా తన దగ్గరికొచ్చే పదిమందిలో ఎవరికి ఆ పిచ్చి ఉందో అతనికి తెలుసు. ఆ షెడ్డు పేరు కారు డోరు మీద రాయించండి.

రాత్రిళ్ళు రోడ్ల మీద రేసులు పెట్టుకునే కుర్రాళ్ళూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసుకి మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చట్టం కంటే ముందు ప్రాణాలు పోతున్నాయి, తమవీ, దారినపోయేవాళ్ళవీ. వాళ్ళని తిట్టి లాభం లేదు. ట్రాక్ మీద టైమ్ కొట్టి చూపించమనండి. స్టాప్‌వాచ్ ముందు చాలామంది బుద్ధిగా నేర్చుకోవడం మొదలుపెడతారు.

ఆడపిల్లలు రావట్లేదంటారు. మీ ట్రాక్ దగ్గర శుభ్రమైన టాయిలెట్, సూట్ మార్చుకోవడానికి గది ఉన్నాయా? లేకపోతే లేడీస్ క్లాసు పెట్టి ఏం లాభం? అవి ఏర్పాటు చేశాక పిలవండి. కామెంటేటర్‌కి కూడా ముందే చెప్పండి, ఆడవాళ్ళు నడుపుతుంటే వెకిలి వ్యాఖ్యలు చేస్తే ఆ క్షణమే మైకు తీసేసుకుంటామని.

6. రేసు రోజు నడిపించే తీరు

ముందు దుమ్ము. దుమ్ములో డ్రైవరుకి దారి కనపడదు, మార్షల్‌కి కారు కనపడదు, చూసేవాళ్ళు మళ్ళీ రారు. పొద్దున్నే పైపైన నీళ్ళు చల్లితే పైన జారుడు, కింద దుమ్ము. ముందు రోజు సాయంత్రం బాగా తడిపి రాత్రంతా ఇంకనివ్వండి, పొద్దున రోలర్ తోలండి, తర్వాత పరుగుల మధ్య పలచగా కొట్టుకుంటూ పోండి. ఎర్ర చెలకలో కొంచెం బంకమట్టి కలిసిన నేల మంచిది. నల్లరేగడి తడిస్తే టైర్లకి అంటుకుపోతుంది, ఎండితే నెర్రెలు. అది తప్ప వేరే పొలం లేకపోతే పైన ఎర్రమట్టి తోలించాల్సిందే.

కర్ణాటకలోని కొడగులో వరి కోతలయ్యాక పొలాల్లోనే ఆటోక్రాస్ పెట్టుకుంటారు. మన దగ్గరా ఖరీఫ్ కోతల తర్వాత రెండో పంట వెయ్యని పొలాలు దొరుకుతాయి. రైతుతో కాగితం రాసుకోండి, అయిపోయాక దున్ని ఇస్తామని అందులో ఉండాలి. ట్రాక్ పక్కనున్న గట్లు చదును చెయ్యండి. అడ్డంగా జారిన కారు గట్టుకి తగిలితే బోల్తా పడుతుంది.

ప్రతి కొత్త డ్రైవరుకీ ఒక తోడు మనిషిని కేటాయించండి. స్క్రూటినీ (పరుగుకి ముందు కారు తనిఖీ) ఎక్కడ, వరుసలో ఎప్పుడు నిలబడాలి, టైర్లలో గాలి ఎంత ఉంచాలి, ఇవన్నీ అతనే చెప్పాలి. రెండు మూడు సీజన్లు నడిపినవాడు దీనికి సరిపోతాడు. స్క్రూటినీలో కారు ఫెయిల్ అయితే "కుదరదు, వెళ్ళు" అనకుండా ఏం సరిచేస్తే పాస్ అవుతుందో చెప్పండి, దగ్గర్లో వెల్డింగ్ మనిషిని ఉంచండి. భద్రత విషయంలో మాత్రం మొహమాటం వద్దు. బెల్టు పిగిలి ఉంటే ఆ కారు ఆ రోజు కదలకూడదు.

కొత్త క్లాసుకి పొద్దున్నే పరుగులు ఇవ్వండి, ట్రాక్ బాగున్నప్పుడు. గుంతలు పడ్డాక సాయంత్రం పంపితే నేర్చుకునేది ఏమీ ఉండదు, కార్లు విరుగుతాయి. రోజుకి కనీసం నాలుగు పరుగులు రావాలి, ఒకటి ప్రాక్టీసు, మూడు టైమ్‌వి. ప్రతి పరుగు టైమ్ వెంటనే బోర్డు మీద రాయండి. మొదటి పరుగు కంటే మూడో పరుగు రెండు సెకన్లు తగ్గిందని కళ్ళతో చూసినవాడు ఆ రాత్రి నిద్రపోడు.

7. డబ్బు ఎటు పెట్టాలి

గెలిచినవాడికి పెద్ద చెక్కు ఇస్తే ఫొటో బాగుంటుంది. కానీ డ్రైవర్ల సంఖ్య దాంతో పెరగదు, ఎందుకంటే గెలిచేవాడు ఎలాగూ వస్తాడు. అమెరికాలో చాలా ట్రాకులు ఫైనల్ మొదలుపెట్టిన ప్రతి కారుకీ ఎంతో కొంత ఇస్తాయి. దూరం నుంచి కారు లాక్కొచ్చినవాళ్ళకి దారి ఖర్చుల కింద ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. మీరూ పెద్ద బహుమతిలో కొంత కోసి కొత్త క్లాసులో అందరికీ పెట్రోలు కూపన్లుగా పంచండి. స్పాన్సరు డబ్బు ఇవ్వకపోతే వస్తువు అడగండి. టైర్ల షాపు వాళ్ళు ఒక జత టైర్లు, ఆయిల్ షాపు వాళ్ళు క్యాన్లు ఇస్తారు. వాటిని చీటీ తీసి ఇవ్వండి, ఆఖరివాడికీ దొరికే వీలుండాలి.

8. ఆ సాయంత్రం, ఆ వారం

వచ్చే పోటీ తేదీ బహుమతుల ముందే చెప్పండి. సంక్రాంతి, పెళ్ళి ముహూర్తాలు, నాట్లు, కోతలు, పరీక్షలు చూసుకుని సీజన్ మొత్తం తేదీలు మొదటి రోజే ప్రకటిస్తే ఇంకా మంచిది. వాయిదా వేసిన ప్రతిసారీ కొందరిని పోగొట్టుకుంటారు.

ఆ వారంలోనే ప్రతి కొత్త డ్రైవరుకీ ఫోన్ చెయ్యండి. కారు ఎలా ఉంది, ఏ పార్టు కావాలి, ఎవరి దగ్గర దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టడం ఫోన్‌తో సమానం కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఎంట్రీలు తక్కువ పడ్డాయని చివరి నిమిషంలో రెండు క్లాసులు కలిపేస్తారు. కొత్తవాడు పదేళ్ళ అనుభవం ఉన్నవాడితో పోటీ పడి ఆఖర్న నిలుస్తాడు. ముగ్గురే ఉన్నా ఆ క్లాసుని విడిగానే నడపండి.

దీనికి వ్యతిరేకమైన తప్పు, క్లాసులు మరీ ఎక్కువ పెట్టడం. ప్రతి పాత సభ్యుడి కారుకీ సరిపోయేలా ఒక్కో క్లాసు పుట్టించుకుంటూ పోతే క్లాసుకి ఇద్దరే మిగులుతారు, రోజంతా కప్పులు పంచడంతోనే సరిపోతుంది. అలాంటివి తీసేయండి, అవి పెట్టించుకున్న పాత సభ్యులు అలిగినా సరే.

ప్రొటెస్ట్ (ఇంకో డ్రైవరు మీద ఫిర్యాదు) వస్తే కమిటీలో ఎవరి మనిషి అన్నదాన్నిబట్టి తీర్పు చెప్పడం అన్నిటికంటే ప్రమాదం. ఇలాంటిది ఒక్కసారి జరిగినా జిల్లా అంతా తెలుస్తుంది. తీర్పు చెప్పేవాళ్ళకి ఆ క్లాసులో కారు గానీ బంధువు గానీ ఉండకూడదు.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

మొత్తం ఎంట్రీల సంఖ్య చూసి మోసపోవద్దు. మొదటి మెట్టులో గీసిన నోటుబుక్కే మీ కొలత. ఉదాహరణకి ఈ సీజన్లో 20 మంది కొత్తవాళ్ళు వచ్చారనుకోండి. వాళ్ళలో 5 గురు రెండోసారి వస్తే నాలుగో వంతు. వచ్చే సీజన్లో 14 మందే కొత్తగా వచ్చి 7 గురు తిరిగొస్తే, పోస్టరు మీద చెప్పుకోడానికి తగ్గినట్టున్నా మీ క్లబ్బు పెరిగింది.

దీంతో పాటు ఒక పోటీ రోజున స్టార్ట్ లైన్ దగ్గర ఒకరిని కూర్చోబెట్టి, కొత్త క్లాసులో ఒక కారు రెండు పరుగుల మధ్య ఎంతసేపు ఆగిందో రాయించండి. అలాగే ఆ క్లాసులో మొదటివాడికీ మధ్యలో ఉన్నవాడికీ టైమ్ తేడా ఎంతో ప్రతి పోటీకీ గుర్తుపెట్టుకోండి. తేడా పెరుగుతూ పోతుంటే ఎవరో రూల్స్ దాటుతున్నారు, లేదా పై క్లాసుకి వెళ్ళాల్సినవాడు వెళ్ళట్లేదు.

ఒక సీజన్ అంతా చేసినా తిరిగొచ్చేవాళ్ళ వంతు కదలకపోతే ఈ వరుసలో వెతకండి. ముందు నిరీక్షణ సమయం, తర్వాత దుమ్ము, తర్వాత పార్టులు దొరకడం. ఈ మూడూ బాగున్నాయని తేలితే మీ ఖర్చు కాగితం తీసుకుని, ఆగిపోయిన డ్రైవర్లలో ఒకరి ఇంటికెళ్ళి, అందులో మీరు రాయనిది ఏదైనా ఉందేమో అడగండి.